పదివేల కారణాల పాట, ఒక పేజీ కార్డ్ షీట్: సాంగ్‌సెలెక్ట్ వాడాక నా మాట

అమెరికాలో డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు కూడుకుంటుంది. హాలు మాది కాదు. పొద్దున ఒక అమెరికన్ సంఘం ఆరాధన అయ్యాక మేం అద్దెకు తీసుకుంటాం. వాళ్ల కాఫీ వాసన పోకముందే మావాళ్లు కుర్చీలు సర్దడం మొదలుపెడతారు. వాక్యానికి ముందు నాలుగు పాటలు పాడతాం. మూడు తెలుగు, ఒకటి ఇంగ్లీషు. ఆ ఒక్కటీ ఇక్కడ పుట్టిన పిల్లల కోసం మొదలైంది. ఆరేళ్లుగా పాటలు లీడ్ చేసే బాధ్యత నాది.

నేను గుంటూరులో లూథరన్ సంఘంలో పెరిగాను. మా నాన్న క్వయర్‌లో పాడేవారు. మా ఇంట్లో బైబిలు పక్కనే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఉండేది. ఆ పుస్తకంలో ప్రతి పాట పైన రాగం పేరు, తాళం పేరు చిన్న అక్షరాల్లో ఉంటాయి. నాన్న ముందు అది చదివి, గొంతు సవరించుకుని, అప్పుడే పాట ఎత్తుకునేవారు. రాగం తాళం చూడకుండా ఎవరైనా మొదలుపెడితే ఆయనకు అస్సలు నచ్చేది కాదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఏడాదిన్నర క్రితం మా సంఘం సాంగ్‌సెలెక్ట్ అనే ఆరాధన పాటల వెబ్‌సైట్‌కు చందా కట్టింది. అప్పటినుంచి వేరే ఊళ్లలో పాటలు నడిపించే తెలుగువాళ్లు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: “డబ్బు పెట్టి తీసుకోవాలా అక్కా, నెట్‌లో ఊరికే దొరుకుతాయి కదా?” నా జవాబు వివరంగా రాస్తున్నాను. సర్వీసు మొత్తం గురించి పైపైన చెప్పేకంటే ఒక్క పాట పట్టుకుని చెబితేనే దీని విలువ తెలుస్తుంది. ఆ పాట ‘టెన్ థౌజండ్ రీజన్స్’, అంటే పదివేల కారణాలు. మాట్ రెడ్‌మన్, జోనస్ మిరిన్ కలిసి రాశారు. 2011లో వచ్చింది, 2013లో రెండు గ్రామీ అవార్డులు అందుకుంది. ఇంగ్లీషు ఆరాధన జరిగే చోట ఈ పాట తెలియనివాళ్లు అరుదు. మా పిల్లలకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ముందు ఈ సర్వీసు ఏమిటో చెబుతాను. 1984లో షికాగోలో ఒక కేసు జరిగింది. అనుమతి లేకుండా పాటలు కాపీలు తీసి పంచారని క్యాథలిక్ ఆర్చ్‌డయాసిస్ మీద ఒక ప్రచురణ సంస్థ దావా వేస్తే, జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా కట్టమంది. చర్చిలన్నీ ఉలిక్కిపడ్డాయి. పోర్ట్‌లాండ్‌లో ఒక సంఘంలో సంగీత పరిచర్య చేస్తున్న హవార్డ్ రచిన్స్కీ దీనికి దారి వెతికారు. ప్రతి పాటకూ విడివిడిగా ఉత్తరాలు రాసే బాధ లేకుండా సంఘం ఏడాదికి ఒక ఫీజు కడితే చాలు, అది పాటలు రాసినవాళ్లకు చేరుతుంది. అలా 1988లో సీసీఎల్ఐ అనే లైసెన్స్ సంస్థ మొదలైంది.

అమెరికా చట్టం ప్రకారం గుడిలో ఆరాధనలో పాట పాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాటలు తెర మీద వేయాలన్నా, కాగితం మీద అచ్చు తీసి పంచాలన్నా మాత్రం కావాలి. ఆ లైసెన్స్ ఫీజు సంఘానికి ఎంతమంది వస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆరాధనను ఆన్‌లైన్‌లో లైవ్ ఇస్తే దానికి వేరే లైసెన్స్. సాంగ్‌సెలెక్ట్ అనేది ఇదే సంస్థ నడిపే పాటల భాండాగారం. మాటలు, మాటల మీద తీగల (కార్డ్స్) పేర్లు ఉన్న కార్డ్ షీట్లు, స్వరలిపితో ఉన్న లీడ్ షీట్లు, నాలుగు గొంతుల షీట్లు అక్కడ దొరుకుతాయి. దీని చందా మళ్లీ విడిగా. ఒకే హాలులో రెండు సంఘాలు కూడుకుంటే ఎవరి లైసెన్స్ వాళ్లదే. అద్దెకిచ్చినవాళ్లది మనకు పనికిరాదు. ఈ సంగతి మా పాస్టరు అయ్యగారికి చెప్పినప్పుడు ఖర్చు ఎంతని కూడా ముందు అడగలేదు. “ఇంకొకరి కష్టం ఊరికే తీసుకుని దేవుని ముందు పాడతామా అమ్మా” అన్నారు. ఆ వారమే కట్టేశాం.

అంతకుముందు మేం ఒక ఉచిత సైట్ నుంచి మాటలు తీసుకునేవాళ్లం. తప్పు అక్కడే జరిగింది, రెండేళ్లు మాకు తెలియలేదు. ఈ పాట పల్లవి ‘బ్లెస్ ద లార్డ్, ఓ మై సోల్’ అని మొదలవుతుంది. రెండో పంక్తిలో ‘ఆయన పరిశుద్ధ నామం’ అని ఉంటుంది. చివరి పంక్తిలో అది ‘నీ పరిశుద్ధ నామం’ అవుతుంది. ఆ సైట్‌లో రెండు చోట్లా ‘ఆయన’ అనే పెట్టారు. మేం అలాగే తెర మీద వేశాం. సంఘంలో సగం మంది యూట్యూబ్‌లో విన్నట్టు పాడేవారు, సగం మంది తెర చూసి పాడేవారు. పల్లవి చివర ఒక చిన్న గజిబిజి వచ్చేది. నేను దాన్ని ఉచ్చారణ తేడా అనుకుని వదిలేశాను.

సాంగ్‌సెలెక్ట్ షీట్ చేతికొచ్చిన శుక్రవారం రాత్రి మా ఇంట్లో ప్రాక్టీసుకి కూర్చున్నాం. అప్పుడు కనబడింది. ఒక్క మాటే కదా అనిపించొచ్చు. కానీ పాట నడకంతా ఆ మాట దగ్గరే ఉంది. పల్లవి మొదట్లో పాడే మనిషి తన ప్రాణంతో తాను మాట్లాడుకుంటున్నాడు: లే, ఆయనను స్తుతించు అని. దేవుని గురించి ‘ఆయన’ అంటున్నాడు. నాలుగు పంక్తులు గడిచేసరికి మొహం తిరిగింది. ఇప్పుడు నేరుగా దేవునితోనే ‘నీ నామం’ అంటున్నాడు. తనను తాను లేపుకుని దేవుని ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ అడుగును మేం రెండేళ్లు తెర మీద చెరిపేశాం. ఆ రాత్రి నాకు నిజంగా బాధేసింది.

అప్పటినుంచి నేను లీడ్ చేసే తీరు మారింది. మొదట్లో పల్లవి ఎత్తుకోగానే చేయి ఊపి “అందరూ పాడండి” అనేదాన్ని. ఇప్పుడు మొదటి మూడు పంక్తులూ కళ్లు మూసుకుని నాకోసం నేను పాడుకుంటాను. చివరి పంక్తికి మైకు నుంచి అరడుగు వెనక్కి జరుగుతాను. నా గొంతు తగ్గి సంఘం గొంతు వినబడాలి. ఇది ఎవరూ నేర్పలేదు, సరైన మాటలు చేతికి వచ్చాక పాటే నేర్పింది.

షీట్ సంగతికి వస్తాను. పైన పాట పేరు, రాసినవాళ్ల పేర్లు, వాటి కింద ఒక వరుస: స్కేల్ జి, టెంపో 73, తాళం నాలుగు బై నాలుగు. అది చూడగానే నాకు నాన్న పుస్తకం గుర్తొచ్చింది. రాగం, తాళం. పాట ఎత్తుకునేముందు చదవాల్సిన వరుస. అడుగున పాట నంబరు 6016351, కాపీరైట్ వివరాలు, మా సంఘం లైసెన్స్ నంబరు. తెర మీద మాటలు వేసినప్పుడు కూడా పేరు, రచయితలు, కాపీరైట్, లైసెన్స్ నంబరు వేయాలి. మేం చివరి స్లయిడ్ అడుగున చిన్న అక్షరాల్లో వేస్తాం.

టెంపో 73, అంటే నిమిషానికి 73 దెబ్బలు, అన్న అంకెను తేలిగ్గా తీసుకోకండి. మా ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే తమ్ముడు ఉత్సాహవంతుడు. రెండో చరణానికి వచ్చేసరికి పాట పరుగెత్తేది. పెద్దవాళ్లు ఊపిరి తీసుకునే చోటు దొరక్క మధ్యలో ఆగిపోయేవారు. ఫోన్‌లో మెట్రోనోమ్ 73కి పెట్టి పదిసార్లు వాయించాం. మొదట అతనికి మరీ నెమ్మదిగా అనిపించింది. “అక్కా, నిద్రొస్తోంది” అన్నాడు. ఆదివారం ఆ వేగంలో పాడాక ముందు వరుసలోని పెద్దవాళ్లు మూడు చరణాలూ పూర్తిగా పాడారు. తమ్ముడు మళ్లీ ఆ మాట అనలేదు.

స్కేల్ దగ్గర మాత్రం షీట్‌ను గుడ్డిగా నమ్మొద్దు. జి అని ఉన్నది రికార్డింగ్ స్కేల్. అది పాడిన గాయకుడి గొంతుకు సరిపోయింది. మా హాలులో నూటపాతిక మంది ఉంటారు, వాళ్లలో పాట నేర్చుకున్నవాళ్లు పదిమంది కూడా లేరు. పల్లవి మూడో పంక్తిలో స్వరం పైకి ఎక్కుతుంది. జిలో పాడిన వారాల్లో సరిగ్గా అక్కడ ఆడవాళ్ల వైపు నిశ్శబ్దం అయ్యేది. మగవాళ్లు కొందరు కింది స్థాయికి దిగిపోయేవారు. పాటలో ఎక్కువ సంతోషం ఉన్న చోటే సంఘం నోరు మూతపడేది.

సాంగ్‌సెలెక్ట్‌లో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది స్కేల్ మార్చే చోటు. ఏ స్కేల్ కావాలో ఎంచుకుంటే తీగలన్నీ మారి కొత్త షీట్ వస్తుంది. చేత్తో మార్చి రాసుకునే రోజుల్లో ఒక పాటకు అరగంట పట్టేది, ఎక్కడో ఒక మైనర్ తీగ తప్పు పడేది. మేం ఎఫ్, ఇ, డి మూడూ తీసి ప్రాక్టీసులో పాడి చూశాం. పరీక్షించడానికి నేను గాయకుల్ని పిలవలేదు. ఎప్పుడూ మైకు పట్టుకోని ఇద్దరు ఆంటీలను, ఒక అంకుల్‌ని పిలిచాను. డిలో చరణం మొదట్లో వాళ్ల గొంతు అడుక్కి పోయింది. ఇలో పైనా కిందా హాయిగా ఉంది. ఇ ఖాయం చేశాం.

ఇక్కడ మన సంఘాలకే ఉండే ఇబ్బంది ఒకటుంది. మా కీబోర్డ్ బాబుకి పదిహేడేళ్లు. చెవితో నేర్చుకున్నాడు. సి స్కేల్‌లో చక్కగా వాయిస్తాడు, మిగతా స్కేళ్లకు, వేళ్లు మార్చకుండానే స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతాడు. మన దగ్గర చాలామంది ఇలాగే వాయిస్తారు, అందులో తప్పేమీ లేదు. అతనికి ఇ షీట్ ఇస్తే నాలుగు షార్పులు చూసి భయపడ్డాడు. అప్పుడు సాంగ్‌సెలెక్ట్‌లో సి షీట్ తీసి ఇద్దరికీ అదే ఇచ్చాను. కీబోర్డ్ ట్రాన్స్‌పోజ్ ప్లస్ 4, అంటే నాలుగు మెట్లు పైకి. గిటార్ వాయించే బ్రదర్ కాపో (తీగల మీద బిగించే క్లిప్పు) నాలుగో గడిలో. ఇద్దరూ సి తీగలే చూస్తారు, వినబడేది ఇ. ఆ రోజు నుంచి ప్రాక్టీసు అరగంట తగ్గింది.

ఒక ఆదివారం మాత్రం దెబ్బతిన్నాం. ముందు పాడిన తెలుగు పాట ప్లస్ 2లో ఉంది. కీబోర్డ్‌లో అది మార్చడం మర్చిపోయాం. గిటార్ ఇలో మొదలైంది, కీబోర్డ్ డిలో. మొదటి తీగకే హాలంతా తల ఎత్తి చూసింది. నేను ఆపించి, “ఒక్క నిమిషం, నూట మూడో కీర్తన తీయండి” అన్నాను. బాబు చేతులు వణుకుతున్నాయి. నేను వాక్యం చదువుతుంటే అతను సరిచేసుకున్నాడు. ఆ వాక్యం చదవడం వల్ల ఇంకో మంచి జరిగింది, అది తర్వాత చెబుతాను.

సి షీట్‌లో పల్లవి తీగలు చూడండి: ఎఫ్, సి, జి, ఏ మైనర్. పాట సి స్కేల్‌లో ఉన్నా మొదటి తీగ సి కాదు, ఎఫ్. మన భాషలో చెప్పాలంటే షడ్జమం దగ్గర కాకుండా మధ్యమం మీద తీగతో మొదలవుతుంది. ఇంటి బయట నిలబడి పిలిచినట్టు ఉంటుంది. పల్లవి ఆఖరి మాట దగ్గర ఎఫ్, జి, సి అని వచ్చి అప్పుడు ఇంట్లో అడుగుపెడుతుంది. ‘నీ నామం’ అన్న పంక్తి పూర్తయ్యేదీ అక్కడే. మాట తిరిగిన పంక్తిలోనే సంగీతం కూడా ఇంటికి చేరింది. కీబోర్డ్ బాబుకి ఇది చూపించాక ఆ చివరి సి తీగను తొందరపడి ముందే నొక్కడం మానేశాడు.

ఇంకో సంగతి. చాలా ఇంగ్లీషు ఆరాధన పాటలు చరణంతో మొదలై పల్లవికి వెళ్తాయి. ఇది పల్లవితోనే మొదలవుతుంది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. మన కీర్తనల నడక ఇదే కదా. మా సంఘంలో పెద్దవాళ్లు ఈ పాటకు మిగతా ఇంగ్లీషు పాటలకంటే త్వరగా అలవాటు పడ్డానికి అదొక కారణమని నా నమ్మకం. చరణం అయ్యాక ఎక్కడికి రావాలో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

షీట్‌లో లేనివి కూడా చెప్పాలి. పల్లవి ఎన్నిసార్లు తిప్పాలి, చివరి పంక్తి మళ్లీ మళ్లీ ఎప్పుడు పాడాలి, ఎక్కడ వాయిద్యాలు తగ్గాలి అన్నవి మనమే పెన్సిల్‌తో రాసుకోవాలి. తెర దగ్గర కూర్చునే పాప వయసు పదమూడు. పంక్తి పూర్తయ్యాక స్లయిడ్ మార్చేది. సంఘానికి తర్వాతి మాట తెలిసేసరికి అర క్షణం ఆలస్యం అయ్యేది. “చివరి మాట నా నోట్లో ఉండగానే మార్చేయమ్మా” అని చెప్పాను. ఆమె తన కాపీలో ఆ మాటల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టుకుంది. ఇప్పుడు నాకంటే ముందుంటుంది.

పాటను వాక్యభాగాన్ని బట్టి కూడా వెతకొచ్చు. అయ్యగారు ఫలానా అధ్యాయం మీద చెబుతున్నారంటే దానికి తగిన పాట కోసం ఇది బాగా పనికొస్తుంది. ఈ పాట మాత్రం నూట మూడో కీర్తన మీద నిలబడిందని బైబిలు చదివే ఎవరికైనా మొదటి పంక్తికే తెలుస్తుంది.

ప్రాక్టీసులో పదకొండేళ్ల అమ్మాయి ఒకతి అడిగింది: “ఆంటీ, దేవుడు కదా మనల్ని బ్లెస్ చేసేది? మనం దేవుణ్ని ఎలా బ్లెస్ చేస్తాం?” గదిలో పెద్దవాళ్లం నలుగురం ఉన్నాం. ఎవరికీ ఆ ప్రశ్న రాలేదు అంతవరకూ. నేను తెలుగు బైబిలు తెచ్చి చదివాను: “నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము. నా అంతరంగముననున్న సమస్తమా, ఆయన పరిశుద్ధ నామమును సన్నుతించుము.” దేవుడు మనల్ని దీవించినా, మనం దేవుణ్ని స్తుతించినా హీబ్రూలో బారఖ్ అనే ఒకే మాట. ఇంగ్లీషు కూడా ఒకే మాటతో సరిపెట్టింది. ఇక్కడ తెలుగు విడదీసింది. దేవుడు ఆశీర్వదిస్తాడు, మనం సన్నుతిస్తాం. పాపకు వెంటనే అర్థమైంది. “అయితే థాంక్స్ చెప్పి పొగడడమా?” అంది. అవునన్నాను.

తర్వాతి మాట ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషులో ‘సోల్’ అంటే పిల్లలకు గాలిలో తేలే ఏదో బొమ్మ గుర్తొస్తుంది. హీబ్రూలో ఉన్న మాట నెఫెష్. దానికి గొంతు అనీ, ప్రాణం అనీ అర్థాలున్నాయి. మన ‘ప్రాణం’లో ఊపిరి ఉంది. నా ప్రాణమా అంటే నాలో ఆడుతున్న ఊపిరినే పిలుస్తున్నాను, పాడే గొంతునే పిలుస్తున్నాను. ఇంగ్లీషు పాటను అర్థం చేసుకోవడానికి తెలుగు బైబిలే దగ్గర దారి అయింది. అందుకే పాటను తెలుగులోకి మార్చి పాడదామని కొందరు అడిగినా నేను ఒప్పుకోలేదు. హక్కుదారుల అనుమతి సంగతి అలా ఉంచితే, ఆ కీర్తన తెలుగులో ఇంత అందంగా ఉన్నప్పుడు బాణీకి సరిపడేలా మాటలు ఇరికించడం ఎందుకు? వాక్యం తెలుగులో చదువుతాం, పాట ఇంగ్లీషులో పాడతాం.

పాటకు మూడు చరణాలు. మొదటిది తెల్లవారే పొద్దు. రెండోది దేవుని ప్రేమ, దీర్ఘశాంతం. కీర్తన ఎనిమిదో వచనం దగ్గరే ఉంది అది: “దయాదాక్షిణ్య పూర్ణుడు, దీర్ఘశాంతుడు.” మూడోది బలం తగ్గి చివరి రోజు దగ్గరపడినప్పటి మాట. కీర్తనలో కూడా మనిషి ఆయువు గడ్డివంటిదని ఉంది కదా. షీట్ చూస్తే మూడు చరణాలకూ అవే తీగలు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకేలా పాడకూడదని మాకు ఒక ఆదివారం తెలిసింది.

మా సంఘంలో ఒక అన్నయ్యకు తెనాలిలో నాన్నగారు పోయారు. టికెట్ దొరికి వెళ్లేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. తిరిగొచ్చాక మొదటి ఆదివారానికి ఈ పాట ముందే పెట్టుకుని ఉన్నాం. శనివారం ఫోన్ చేశాను. “అన్నయ్యా, రేపు ఆ పాట ఉంది. మూడో చరణం వదిలేయమంటావా?” చాలాసేపు పలకలేదు. ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను. “వద్దమ్మా. పాడండి. అక్కడ నిలబడలేకపోయాను, ఇక్కడన్నా నిలబడతాను” అన్నాడు.

ఆదివారం మూడో చరణానికి ప్యాడ్స్ ఆపేశాం. గిటార్ కూడా ఆపేశాం. కీబోర్డ్ ఒక్కటే, చరణం పొడుగునా సాగే తీగలు మాత్రమే. అన్నయ్య మూడో వరుసలో నిలబడ్డాడు. రెండు చేతులతో ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. పక్కన వదిన పాడింది. వెనకవాళ్లు పాడారు. పల్లవికి వచ్చినప్పుడు ప్యాడ్స్ తమ్ముడు నా వైపు చూశాడు, వద్దని తల ఊపాను. ఆ పల్లవి కూడా అలాగే కీబోర్డ్ మీదే పోయింది. రెండోసారి పల్లవికి అన్నయ్య గొంతు వినబడింది. అప్పుడు ప్యాడ్స్ మొదలుపెట్టమన్నాను. నా షీట్ మీద మూడో చరణం పక్కన ఇప్పటికీ ‘కీ మాత్రమే’ అని పెన్సిల్ గీత ఉంది. ఎవరికి ఏం జరిగినా జరగకపోయినా అలాగే పాడుతున్నాం.

ట్రాన్స్‌పోజ్ తప్పిన ఆదివారం వాక్యం చదివానని చెప్పాను కదా. ఆ రోజు బాపట్ల నుంచి వచ్చిన ఒక మామ్మగారు రెండో వరుసలో ఉన్నారు. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. ఇంగ్లీషు పాట రాగానే ప్రతి వారం కూర్చుని ఒళ్లో చేతులు పెట్టుకునేవారు. నేను “నా ప్రాణమా” అనగానే ఆవిడ అందుకున్నారు. నేను రెండో వచనంలో ఉంటే ఆవిడ పుస్తకం లేకుండా నాతో సమంగా చెబుతున్నారు. “ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము.” నేను ఐదో వచనం దగ్గర ఆపాను, ఆవిడ ఆపలేదు. హాలంతా వింటుంటే ఇంకో మూడు వచనాలు చెప్పి, కళ్లు తెరిచి చూసి, సిగ్గుపడి ఆపేశారు. పాట మొదలైంది. ఆవిడ కూర్చోలేదు.

కూడిక అయ్యాక నా చేయి పట్టుకుని అన్నారు: “ఆ ఇంగ్లీషు నాకేం తెలియలేదు అమ్మాయ్. మీరు పాడేది నా కీర్తనేనని తెలిసింది. అదే పదివేలు.” ఆవిడకు పాట పేరు తెలియదు. పేరులో పదివేలు ఉన్నాయని నేను చెబితే నవ్వి నా బుగ్గ తట్టారు. అప్పటినుంచి ఈ పాటకు ముందు కీర్తన చదవడం మా క్రమంలో ఒక భాగం. సాంగ్‌సెలెక్ట్‌లో దొరకని భాగం.

ఇక ఎవరు తీసుకోవాలి? వారానికి ఒక్క ఇంగ్లీషు పాటైనా పాడి, తెర మీద మాటలు వేసే సంఘమైతే లైసెన్స్ ఎలాగూ తీసుకోవాలి, దాంతోపాటు సాంగ్‌సెలెక్ట్ కూడా తీసుకోండి. సరైన మాటలు, స్కేల్ మార్చే సౌకర్యం, ఈ రెంటికే పెట్టిన డబ్బు నాకు గిట్టింది. స్వరలిపి చదవడం రాని టీమ్‌కు లీడ్ షీట్లు, నాలుగు గొంతుల షీట్లు పెద్దగా ఉపయోగపడవు. మా దగ్గర స్కూల్ బ్యాండ్‌లో నేర్చుకున్న పిల్లలే వాటిని చూస్తారు. చందా రకాలు ఉన్నాయి, కార్డ్ షీట్లు ఉన్న రకం చూసి తీసుకోండి, మాటలు మాత్రమే ఉన్నదైతే మీ కీబోర్డ్ వాయించేవాళ్లకు ఉపయోగం లేదు. ఏ పాటలు వాడామో రిపోర్ట్ చేయడానికి వారానికి కొద్ది నిమిషాలు పడుతుంది. మా దగ్గర ఆ పని తెర చూసే పాపే చేస్తుంది.

మా మూడు తెలుగు పాటలకు మాత్రం ఇప్పటికీ పుస్తకం, మేం టైపు చేసుకున్న ఫైలు, పెద్దవాళ్ల జ్ఞాపకమే ఆధారం. తెలుగు కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో కన్నుమూశారు. కాపీరైట్ గడువు ఎప్పుడో తీరింది కాబట్టి ఆయన కీర్తనలకు ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. పూర్తిగా తెలుగులో పాడుకునే చిన్న సంఘమైతే ఈ చందా డబ్బుతో ఒక మంచి మైకు కొనుక్కోండి.

పిల్లలకు రెండు రకాల పాటలూ ఒకే ఫైల్లో పెట్టి ఇచ్చాను. ఎడమవైపు తెలుగు కీర్తన, పైన రాగం, తాళం. కుడివైపు సి షీట్, పైన స్కేల్, టెంపో. వచ్చే ఆదివారం మళ్లీ ఇదే పాట ఉంది. మొదటి తీగకు ముందు బాబుని అడగాల్సింది ఒకటే: ప్లస్ 4 పెట్టావా?